సరిహద్దు ఊళ్లలో ట్రాన్స్‌జెండర్ పిల్లలకు చోటుండే వాలీబాల్ జట్టును ఎలా నడపాలి

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తెలుగు ఊళ్లలో, అంటే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల, కోతలు అయిపోగానే కళ్లాల్లో వాలీబాల్ నెట్లు లేస్తాయి. అక్కడ యువజన సంఘాన్ని నడిపేవారి కోసం, బడిలో వ్యాయామ ఉపాధ్యాయులుగా ఉన్నవారి కోసం, ఏళ్ల తరబడి ఆడి ఇప్పుడు చిన్నవాళ్లకు నేర్పుతున్న సీనియర్ల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మీ జట్టుకు వచ్చే పిల్లల్లో, అబ్బాయిగా పెరుగుతూ తాను అమ్మాయినని మనసులో ఎరిగినవారో, అమ్మాయిగా పెరుగుతూ తాను అబ్బాయినని తెలుసుకున్నవారో ఉండవచ్చు. ఆ సంగతి వారు మీకు చెప్పి ఉండవచ్చు, ఇంకా ఎవరికీ చెప్పకపోయి ఉండవచ్చు. చెప్పుకున్నవారికి మాత్రమే పనికొచ్చే ఏర్పాటు సగం ఏర్పాటే. అందువల్ల కింద చెప్పే పనులన్నీ ఎవరూ నోరు విప్పకముందే, జట్టు మొత్తానికీ వర్తించేలా చేయవలసినవి.

1. ముందు ఆటను తేల్చుకోండి

కబడ్డీ మీద మన ఊళ్లకు ఎంత మోజు ఉన్నా, మొదటి ఏడాదికి నేను వాలీబాల్‌నే సూచిస్తాను. కబడ్డీలో నడుము పట్టుకోవాలి, తొడలు పట్టుకుని లాగాలి, కింద పడ్డవారి మీద నలుగురు పడతారు. తన శరీరంతో తానే ఇంకా సమాధానపడని పదిహేనేళ్ల బిడ్డకు ఆ తాకిడి భయం కలిగిస్తుంది, దాన్ని అదనుగా తీసుకునే ఆకతాయిలూ ఉంటారు. ఖోఖో మంచిదే గాని దానికి 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు గల మెత్తటి నేల కావాలి. వాలీబాల్‌కు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, చుట్టూ కాస్త ఖాళీ ఉంటే ఆట సాగిపోతుంది.

అసలు కారణం వేరే ఉంది. నియమం ప్రకారం సర్వీసు ఎదుటి జట్టు నుంచి తమకు వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపుగా ఒక్కో స్థానం జరగాలి. మన దగ్గర చాలాచోట్ల ఈ నియమాన్ని పక్కనపెట్టి ఎవరి చోట వారే పాతుకుపోయి ఆడతారు. గట్టిగా కొట్టేవాడు నెట్ దగ్గర ఉంటాడు, కొత్తగా వచ్చినవాడు వెనక మూలలో ఉంటాడు. ఆ పద్ధతిలో గిట్టని మనిషిని మూలకు నెట్టి, సాయంత్రమంతా ఒక్క బంతి కూడా అటు పోనివ్వకుండా ఆడవచ్చు, అడిగితే ‘ఆడిస్తున్నాం కదా సార్’ అని తప్పించుకోవచ్చు. స్థానాలు మారే ఆటలో ఆ తప్పించుకోవడం కుదరదు. మూలలో ఉన్నవారు కాసేపటికి నెట్ ముందుకు వస్తారు, వంతు వచ్చినప్పుడు సర్వీసు వారే చేయాలి, వారు ఎత్తిన బంతినే పక్కవాడు స్మాష్ కొట్టాలి. పాయింటు కావాలంటే వారి పేరు పిలవక తప్పదు. అలా పిలవగా పిలవగా, ఎగతాళికి వాడిన పేరు ఆటకు పనికొచ్చే పేరు అవుతుంది. ఊరు ఒక మనిషిని కలుపుకోవడం ఇలా జరగడం చూశాను గాని, సభ పెట్టి ఉపన్యాసాలు ఇప్పించినందువల్ల జరగడం చూడలేదు. కాబట్టి మీ కళ్లంలో మొదటి రోజు నుంచే స్థానాలు మారే ఆటే ఆడించండి. సీనియర్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

2. పేరు, హాజరు పుస్తకం

చేరిన ప్రతి బిడ్డనూ మూడు ప్రశ్నలు అడగండి. జట్టులో మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి? మీ ఇంటికి ఫోన్ చేస్తే ఏ పేరు చెప్పాలి? బడి రికార్డులో ఏ పేరు ఉంది? ఈ ప్రాంతంలో ఇది వింత ప్రశ్న కాదు. బడిలో ఒడియా పద్ధతిలో రాసిన పేరు, ఇంట్లో అమ్మమ్మ పెట్టిన పేరు, స్నేహితులు పిలిచే పేరు అని ఒక్కొక్కరికీ మూడేసి ఉండనే ఉన్నాయి. అందరినీ అడుగుతున్నారు కనుక ఎవరికీ అనుమానం రాదు, చెప్పదలచుకున్న బిడ్డకు మాత్రం దారి దొరుకుతుంది. రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. జట్టులో ‘స్వాతి’ అని పిలిపించుకునే బిడ్డ ఇంట్లో ఆ సంగతి చెప్పి ఉండకపోవచ్చు, మీరు ఫోన్‌లో ఆ పేరు అన్నారంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుందో మీ చేతిలో ఉండదు.

రోజువారీ హాజరు పిలిచే పేర్లతోనే వేయండి. బడి పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న పుస్తకం వేరుగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించే వ్యాయామాలకు అబ్బాయిలు ఒక వరస, అమ్మాయిలు ఒక వరస అని నిలబెట్టకండి. సరి సంఖ్య జెర్సీలు ఇటు, బేసి సంఖ్య జెర్సీలు అటు అంటే పని అయిపోతుంది.

3. బట్టలు, నీళ్లు, మరుగు

ఎక్కువ మంది పిల్లలు ఆట మానేసేది ఇక్కడే, ఆటలో ఓడిపోయి కాదు. ఒక బిడ్డ ఇంటి నుంచి నిండుగా తెచ్చుకున్న నీళ్ల సీసాను, రెండు గంటలు ఎండలో ఆడి కూడా, మూత తీయకుండానే తిరిగి తీసుకుపోతున్నట్టు మీకు కనిపిస్తే, అది నిర్లక్ష్యం అనుకోకండి. నీళ్లు తాగితే మూత్రానికి వెళ్లాలి, అబ్బాయిలు వెళ్లే తుప్పల వైపు వెళ్లలేరు, అమ్మాయిలు వెళ్లే గోడ చాటుకు రానివ్వరు. అందుకని నోరు ఎండబెట్టుకుని ఆడతారు. జూన్‌లో వచ్చే ఒడియావారి రజ పండుగ నాటి ఉక్కలో అలా ఆడితే వడదెబ్బ తగులుతుంది, అలవాటుగా మారితే మూత్రకోశానికి ఇన్ఫెక్షన్లు వస్తాయి. ‘నీళ్లు తాగు’ అని గదమాయించి ప్రయోజనం లేదు.

చేయవలసింది ఇది. కళ్లానికి దగ్గరలో ఉన్న బడినో, అంగన్‌వాడీనో, మంచి మనసున్న ఒక ఇంటినో అడిగి, లోపలి నుంచి గడియ పడే ఒక్క మరుగుదొడ్డిని ఆట సమయానికి తెరిపించండి. తాళంచెవి నెట్ గుంజకు వేలాడదీయండి, ఎవరినీ అడగకుండా ఎవరైనా తీసుకుని వెళ్లి వచ్చి మళ్లీ అక్కడే తగిలించాలి. అది అబ్బాయిలదీ కాదు, అమ్మాయిలదీ కాదు, జట్టుది. ఒకరి తర్వాత ఒకరు వాడుకుంటారు, బట్టలు మార్చుకోవడమూ అక్కడే. బకెట్టు, మగ్గు, సబ్బు ఉంచండి. బంతుల సంచిలో బ్యాండేజీ, అయోడిన్ పక్కన శానిటరీ ప్యాడ్ల పొట్లం ఒకటి ఎప్పుడూ ఉండాలి. అబ్బాయిగా బతుకుతున్న ట్రాన్స్ యువకుడికి నెలసరి వచ్చినప్పుడు దుకాణానికి వెళ్లి అడగడం ఎంత కష్టమో, సంచిలో చెయ్యి పెట్టి తీసుకోవడం అంత తేలిక.

జెర్సీ వదులుగా, ముదురు రంగులో కుట్టించండి. కింద నిక్కరా, ట్రాక్ ప్యాంటా అన్నది ఎవరి ఇష్టం వారిది, రంగు ఒకటైతే జట్టు జట్టులాగే కనిపిస్తుంది.

ఛాతీ కనపడకూడదని కొందరు పిల్లలు పాత చీర పీలికలతోనో, బెణుకులకు కట్టే సాగే పట్టీతోనో బిగించి కట్టుకుని వస్తారు. పరుగెత్తేటప్పుడు ఆ పట్టీ ఊపిరి అందనివ్వదు, పక్కటెముకలకు దెబ్బ. అలాంటి బిడ్డ ఆయాసపడుతుంటే అందరి ముందూ విప్పమనకండి. విశ్రాంతి ఇచ్చి, నీడలో కూర్చోబెట్టి, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు, ఆటకు పట్టీ వద్దనీ, సరైన కొలతలో స్పోర్ట్స్ బ్రా, దాని మీద వదులు జెర్సీ చాలనీ చెప్పండి. మహిళా సీనియర్ చెబితే ఇంకా మంచిది. అలాగే కొందరు ట్రాన్స్ అమ్మాయిలు శరీరం మారుతుందని విని, మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని మింగుతారు. ఆ మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా, తిట్లూ ప్రశ్నలూ మాని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఏ మాత్రలు వేసుకున్నారో డాక్టరుకు చెప్పమని బిడ్డకు ధైర్యం చెప్పాలి. హార్మోన్ల గురించి మీరు సలహా ఇవ్వకండి, అది వైద్యుల పని.

4. నోటి దురుసును ఆపడం

నియమం ఒక్కటే ఉండాలి, చిన్నదిగా ఉండాలి, అందరికీ ఒకటే కావాలి: ఒకరి నడకను, గొంతును, శరీరాన్ని, కులాన్ని, భాషను వెక్కిరించినవారు ఆ రోజు ఆడరు. మొదటిసారికి మన్నింపు, రెండోసారికి హెచ్చరిక వంటి మెట్లు పెట్టుకుంటే ప్రతివారూ ఆ మెట్లన్నీ ఎక్కి చూస్తారు. బాగా ఆడేవాడు అన్నా సరే, సెమీఫైనల్ రోజు అన్నా సరే, బయట కూర్చోవాలి. ఒక్కసారి మంచి స్మాషర్‌ను కూర్చోబెట్టి మ్యాచ్ ఓడిపోతే, ఆ నియమం గురించి మళ్లీ చెప్పవలసిన అవసరం రాదు.

గట్టు మీద కూర్చుని చూసే పెద్దవాళ్లతోనే అసలు చిక్కు. వాళ్లు జట్టులో లేరు, వాళ్లను కూర్చోబెట్టడానికి బెంచీ లేదు. పర్లాకిమిడి దాటాక ఒక ఊళ్లో నేను చూసిన పద్ధతి బాగుంది. లిఫ్టర్‌గా, అంటే స్మాష్‌కు బంతి ఎత్తి ఇచ్చే స్థానంలో, ఆడుతున్న బిడ్డను చూసి గట్టు మీద నుంచి ఒకాయన చప్పట్లు కొడుతూ పాడు మాట ఒకటి విసిరాడు. సర్వీసు చేయబోతున్న కెప్టెన్, ఇంకా ఇంటర్ చదువుతున్న పిల్ల, బంతిని చంకలో పెట్టుకుని గీత మీద నిలబడిపోయింది. అవతలి జట్టు ‘కొట్టండి, కొట్టండి’ అని అరిచింది, అంపైర్ ఈల ఊదాడు. ఆ పిల్ల కదలకుండా, ‘మావయ్యా, మీ మాట అయిపోతే ఆట మొదలుపెడతాం’ అంది. గట్టు మీద ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగి చూశారు, ఆయన బీడీ వెతుక్కుంటూ లేచిపోయాడు. సర్వీసు ఆలస్యమైనందుకు అంపైర్ పాయింటు కోసేశాడు, న్యాయమే. మీ కెప్టెన్‌కు ఈ పని ముందే నేర్పండి. గొడవ పడకూడదు, ఎదురు తిట్టకూడదు, వరసపెట్టి పిలిచి మర్యాదగానే ఆట ఆపాలి, పాయింటు పోతే పోనివ్వాలి.

5. ఇంటివారితో మాట్లాడటం

బిడ్డ అనుమతి లేకుండా బిడ్డ సంగతి ఇంట్లో చెప్పే అధికారం మీకు లేదు. ‘పెద్దవాళ్లకు తెలిస్తే మంచిదే కదా’ అనే ఉద్దేశంతో చెప్పినవారి వల్ల చదువు మాన్పించిన ఇళ్లు ఉన్నాయి, హడావుడిగా పెళ్లి సంబంధాలు చూసిన ఇళ్లు ఉన్నాయి. మీరు ఇంటికి వెళ్లండి, కాని ఆట గురించే మాట్లాడండి. ‘పిన్నీ, మీ బిడ్డ చేతిలో బంతి నిలుస్తుంది, జట్టుకు కావాలి. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు మా దగ్గర ఉంటుంది, చీకటి పడితే ఇద్దరు తోడు వచ్చి ఇంటి దగ్గర దించుతారు’ అంటే తల్లికి కావలసిన సమాధానాలు వచ్చేసినట్టే. ఆ తోడు మాట తప్పకండి. తర్వాత ఏదో ఒక ఆదివారం మ్యాచ్ చూడటానికి తల్లినో, నాయనమ్మనో పిలవండి. తండ్రులు ఆలస్యంగా వస్తారు, వచ్చాక గట్టు చివర నిలబడతారు. వారిని కుర్చీలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టకండి.

ఇంట్లో తెలిసి, కొట్టే పరిస్థితి వస్తే అప్పుడు మర్యాదల పని లేదు. 18 ఏళ్ల లోపు వారికి 1098, ఎవరికైనా 112, మనసు కుంగి చావు మాటలు మాట్లాడుతుంటే టెలి మానస్ 14416. ఈ మూడు నంబర్లు హాజరు పుస్తకం అట్ట లోపల అంటించండి. 18 నిండి ఇల్లు వదలవలసి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు భువనేశ్వర్‌లో గరిమ గృహం అనే ఆశ్రయం ఉంది. మైనరు మీద లైంగిక దాడి జరిగిందని మీకు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ నేరమే. దాడి చేసినవాడు మీ సంఘంలో పెద్దమనిషి అయినా ఇందులో తేడా లేదు.

6. బడి, పంచాయతీ అభ్యంతరం చెబితే

ప్రధానోపాధ్యాయులు ‘ఇదంతా మా బడిలో కుదరదు’ అంటే, 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలో 13వ సెక్షన్‌ను చూపండి. ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు చదువుతో పాటు ఆటల్లో కూడా మిగతా వారితో సమానంగా, వివక్ష లేకుండా అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. ఆ పేజీని ఒడియాలోకి మార్పించి ఒక నకలు దగ్గర పెట్టుకోండి, బ్లాక్ ఆఫీసులో తెలుగు కాగితం ఎవరూ చదవరు. సర్పంచి గారు ‘ఎక్కడైనా ఉందా ఇలాంటిది’ అని అడిగితే చెప్పడానికి ఉదాహరణలు ఉన్నాయి. కేరళ రాష్ట్ర క్రీడా మండలి 2017లో తిరువనంతపురంలో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులకు ప్రత్యేకంగా పోటీలు పెట్టింది. మణిపూర్‌లోని ఇంఫాల్‌లో యా ఆల్ అనే సంస్థ 2020లో పూర్తిగా ట్రాన్స్‌జెండర్ ఆటగాళ్లతోనే ఫుట్‌బాల్ జట్టు కట్టింది.

7. టోర్నమెంటుకు వెళ్లడం

సంక్రాంతికి సరిహద్దు అవతల, పాతపట్నం, టెక్కలి వైపు జరిగే పోటీలకు వెళ్తున్నట్లయితే వారం ముందే నిర్వాహకుల దగ్గరకు స్వయంగా వెళ్లి మూడు విషయాలు తేల్చుకోండి. పోటీ పురుషులకా, స్త్రీలకా, అందరికీనా? నెట్ ఎంత ఎత్తు? ఆధార్ చూపమంటారా? పురుషుల నెట్ 2.43 మీటర్లు, స్త్రీల నెట్ 2.24 మీటర్లు. కలిసి ఆడే పోటీ అయితే ఈ రెండింటి మధ్య ఏదో ఒక ఎత్తును రెండు వైపులా ముందే ఒప్పుకోవచ్చు. అందరూ కలిసి ఆడే విభాగం పెట్టించగలిగితే సగం తలనొప్పి పోతుంది. ఊరి పోటీలో ఇలాంటి మార్పు చేయడం నిర్వాహకుల చేతిలో పని, నాలుగు జట్లు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. స్థానికులే ఆడాలనే నిబంధన కోసం ఆధార్ అడిగితే, కార్డులను మేనేజరే ఒక కవరులో పెట్టి ఒక్కరికే చూపి తిరిగి తీసుకోవాలి. బల్ల మీద పరిచి మైకులో చదివించకండి.

ఎవరైనా ‘ముందు పరీక్ష చేసి ఆడా మగా తేల్చండి’ అంటే, జట్టు మొత్తం వెనక్కి రావాలి. ఊరి కమిటీకి ఎవరి శరీరాన్నీ పరీక్షించే హక్కు లేదు. అలాంటి నిర్ణయాలు పెద్ద స్థాయిలోనే ఎంత నష్టం చేశాయో మనకు తెలుసు. తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో గెలిచిన రజతాన్ని లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఒడిశా బిడ్డ ద్యుతీ చంద్‌ను హార్మోన్ల కారణం చూపి 2014 కామన్వెల్త్ క్రీడలకు వెళ్లకుండా ఆపారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్తే 2015లో ఆ నిబంధనను నిలిపివేశారు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్లు కారు, అయినా వారి శరీరాలు దేశమంతటా చర్చకు వచ్చాయి.

పెద్ద పోటీల గురించి మీ ఆటగాళ్లకు అబద్ధపు ఆశ పెట్టకండి. పురుష యౌవనం గడిచిన ట్రాన్స్ మహిళలు స్త్రీల విభాగంలో పోటీ పడకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023 మార్చిలో నిర్ణయించింది, మిగతా క్రీడా సంస్థలకు వేర్వేరు నిబంధనలు ఉన్నాయి. జాతీయ స్థాయికి వెళ్లాలని కలలు కనే ట్రాన్స్ అమ్మాయికి ఈ సంగతి మీ నోట ముందే తెలియాలి, సెలక్షన్ రోజున అపరిచితుల నోట తెలియకూడదు. అంపైరింగ్, స్కోరింగ్, కోచింగ్ దారులు కూడా అప్పుడే చూపండి.

గెలిచిన తర్వాత ఇంకో ప్రమాదం ఉంటుంది, అది సన్మానం. నాయకులు వస్తారు, యూట్యూబ్ ఛానెల్ వారు మైకు పట్టుకుని వస్తారు, ఆ ఒక్క బిడ్డనే ముందుకు పిలిచి శాలువా కప్పి ‘మీ బాధ చెప్పండి’ అంటారు. ఆట చూడటానికి వచ్చినవారికి బాధ ఎందుకో నాకు అర్థం కాదు. శాలువాలు ఆరుగురికీ కప్పితే తీసుకోండి, లేకపోతే వద్దనండి. ఫోటోల విషయంలో జట్టు నియమం ముందే రాసుకోవాలి: ముఖం కనపడే ఫోటో ఎవరిదైనా, వాళ్లు సరేనన్న తర్వాతే గ్రూపులో పెట్టాలి. వార్తలో ‘క్రీడాకారుడు’ అని రాయాలా, ‘క్రీడాకారిణి’ అని రాయాలా, అసలు రాయనే కూడదా అన్నది ఆ బిడ్డే చెప్పాలి.

8. కాగితాలు

తొందరపడవద్దు, అడిగినవారికి మాత్రం దారి చూపండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ గుర్తింపును తామే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చింది. 2019 చట్టం కింద గుర్తింపు పత్రాన్ని కలెక్టరు ఇస్తారు, దరఖాస్తుకు జాతీయ పోర్టల్ ఉంది, 18 నిండనివారి తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక, దరఖాస్తుకు ముందు జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో అప్పటి పద్ధతిని అడిగి తెలుసుకోండి. 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన స్వీకృతి పథకం కింద ఉపకార వేతనం వంటి సాయాల గురించి కూడా అక్కడే అడగవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. పేరు ఒడియాలో ఒకలా, ఆంగ్లంలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే పని ఆగిపోతుంది. అందుకని మార్చుకోదలచిన పేరును మూడు లిపుల్లోనూ ఒక కాగితం మీద రాయించి, అదే వర్ణక్రమం ప్రతి దరఖాస్తులోనూ వాడించండి.

9. బాధ్యత అప్పగించడం

పన్నెండో తరగతి అయ్యాక సగం మంది చదువుకో, పనికో విశాఖపట్నం, భువనేశ్వర్, చెన్నై వెళ్లిపోతారు. వెళ్లేవారికి ఎన్నేళ్లు ఆడారో, ఏ స్థానంలో ఆడారో రాసి సంఘం ముద్రతో ధ్రువపత్రం ఇవ్వండి, వారు కోరిన పేరుతోనే. జూన్‌లో కొత్త పిల్లలు చేరేసరికి హాజరు పుస్తకాన్ని, మరుగుదొడ్డి తాళాన్ని, బంతుల సంచిని ఒక్కరి చేతిలో పెట్టకుండా ఇద్దరికి అప్పగించండి. ఆ ఇద్దరిలో ఒకరు, ఏడాదిపాటు వెనక మూల నుంచి నెట్ దాకా అన్ని స్థానాల్లో ఆడిన ఆ బిడ్డే అయితే, మొదటి రోజు నియమాలు చదివి వినిపించే పని కూడా తనకే ఇవ్వండి.